పగడాలకు మేత: గాజు తొట్టెలో ప్లాంక్టన్ చరిత్ర

పగడాలు, స్పాంజీలు, గుల్లలు, తలమీద ఈకల కుచ్చు విప్పుకుని గొట్టంలో కూర్చునే సముద్రపు పురుగులు తిండి వెతుక్కుంటూ పోవు. అతుక్కున్న చోటే ఉండి, నీరు మోసుకొచ్చిన దాన్ని పట్టి తింటాయి. ఆ తిండిలో పెద్ద వాటా ప్లాంక్టన్‌ది. ప్రవాహానికి ఎదురీదలేక నీటితోపాటే కొట్టుకుపోయే సూక్ష్మమైన నాచు, చిన్న చిన్న జంతువులు, పెద్ద జంతువుల పిల్లలు కలిసి ప్లాంక్టన్. సముద్రంలో ఆటుపోట్లు, ప్రవాహాలు ఈ వడ్డనను రాత్రింబవళ్లు సాగిస్తాయి. గాజు తొట్టెలో ఆ పని మనిషి మీద పడుతుంది. మేత వేయడం ఏమంత కష్టం కాదు. తినగా మిగిలింది కుళ్లి నీటిని పాడుచేయకుండా చూడడమే కష్టం. పగడాలకు మేత పెట్టే విద్య 175 ఏళ్లకు పైగా ఈ ఇరకాటంలోనే పెరిగింది. దానికి కావలసిన సరుకు మాత్రం పగడాలు పెంచేవాళ్లు కనిపెట్టింది కాదు. గుల్లలు, చేపలు, రొయ్యలు పెంచేవాళ్ల తొట్లలో అది తయారైంది.

ఇంటి తొట్టెలో పగడాలను బతికించిన తొలి వ్యక్తుల్లో ఒకరు లండన్‌కు చెందిన అన్నా థిన్. ఆమె భర్త వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో మతాధికారి. 1846లో ఆమె ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని టార్కీ నుంచి కొన్ని రాతి పగడాలను లండన్‌కు తెచ్చింది. సముద్రపు నీరు తెప్పించుకోవడం కష్టమైనప్పుడు ఉన్న నీటినే తెరిచిన కిటికీ దగ్గర ఒక పాత్రలోంచి మరో పాత్రలోకి ఎత్తిపోయించేది. ఆ ఎత్తిపోత చాకిరీ ఇంటి పనిమనిషిది. నీటికి గాలి పట్టించడం అనే సూత్రం ఆ ఇంట్లో అలా అమలైంది. పగడాలు ఏళ్ల తరబడి బతికాయి, పిల్లలు కూడా పెట్టాయి. ఆ సంగతులు 1859లో అచ్చయ్యాయి. ఇక్కడ గమనించాల్సింది ఆ పగడాల జాతి. అవి చల్లటి నీటి పగడాలు. ఉష్ణమండలపు పగడాల మాదిరిగా ఒంట్లో నాచుకణాలను దాచుకుని వెలుతురు మీద బతికేవి కావు. నోటికి అందిందే వాటి తిండి. తర్వాతి కాలంలో తొట్టె పెంపకందారులను అన్నిటికన్నా ఎక్కువ ఏడిపించినవి ఈ తెగ పగడాలే. చరిత్ర మాత్రం వాటితోనే మొదలైంది.

1853లో లండన్ జూ తన ఫిష్ హౌస్‌ను తెరిచింది. మరుసటి ఏడాది ఫిలిప్ హెన్రీ గాస్ అక్వేరియం మీద రాసిన పుస్తకం వచ్చింది. ఆ రెండూ కలిసి ఇంగ్లండ్‌లో ఒక వెర్రినే పుట్టించాయి. మధ్యతరగతి ఇళ్లలో సీ అనిమోన్ల తొట్లు వెలిశాయి. వాటికి గుల్లమాంసం ముక్కలో, పచ్చి మాంసం తునకలో పుల్లతో అందించేవారు. తిన్నంత తిని, అనిమోన్ మిగతాది వదిలేసేది. రెండు రోజుల్లో నీరు కంపు కొట్టేది. ఆ వెర్రి పదేళ్లలోపే చల్లారడానికి ఈ కంపు కూడా ఒక కారణమై ఉండాలి.

నీటి సంగతి పట్టుదలగా ఆలోచించినవాడు విలియం ఆల్ఫోర్డ్ లాయిడ్. హాంబర్గ్‌లో 1864లో, లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో 1871లో తెరిచిన అక్వేరియాలు ఆయన చేతిమీదుగా రూపుదిద్దుకున్నవే. చూపుతొట్ల కింద చీకటిలో పెద్ద జలాశయం ఉండాలి, నీరు ఆగకుండా పైకీ కిందికీ తిరుగుతుండాలి అన్నది ఆయన పద్ధతి. దాంతో నీరు తేటగా నిలిచింది. ఆ తేట నీటిలో తేలే ప్రాణి అంటూ ఏమీ మిగలదన్న సంగతి అప్పట్లో ఎవరికీ లోపంగా తోచలేదు. సముద్రం ఒడ్డునే కట్టిన పరిశోధన కేంద్రాలకు ఈ బాధ తక్కువ. నేపుల్స్‌లో ఆంటన్ డోర్న్ నెలకొల్పిన కేంద్రంలో అక్వేరియం 1874లో మొదలైంది. అక్కడ సముద్రపు నీరు నేరుగా వస్తుంది, దానితోపాటు ఎంతో కొంత ప్లాంక్టన్ కూడా వస్తుంది. ఎవరూ వడ్డించకపోయినా గొట్టంలోంచి మేత అందేది. సముద్రానికి దూరంగా ఉన్న ఊళ్ల తొట్లలో ఆ గొట్టం లేదు. తేడా అంతా అక్కడే ఉంది.

ప్లాంక్టన్‌ను వలవేసి పట్టి చూడడం 19వ శతాబ్దపు తొలి సగంలోనే మొదలైంది. ఐర్లండ్‌లో జాన్ వాన్ టామ్సన్ సన్నటి గుడ్డ వల లాగి పీతల పిల్లలను పట్టాడు. బీగిల్ ఓడ మీద డార్విన్ కూడా అలాంటి వలే వాడాడు. జర్మనీకి చెందిన విక్టర్ హెన్సెన్ 1887లో ఈ తేలే లోకానికి ప్లాంక్టన్ అని పేరుపెట్టి, 1889లో దాన్ని లెక్కించడానికి అట్లాంటిక్ మీదికి ఓడ కట్టుకుని వెళ్లాడు. పట్టడం, లెక్కపెట్టడం అయ్యాయి. పెంచడం ఇంకా రాలేదు.

ఆ అడుగు ఇంగ్లండ్‌లోని ప్లిమత్ సముద్రజీవ పరిశోధనశాలలో పడింది. 1910లో ఇ.జె. అలెన్, ఇ.డబ్ల్యు. నెల్సన్ సముద్రపు ప్లాంక్టన్‌ను కృత్రిమంగా పెంచే పద్ధతుల మీద వ్యాసం ప్రచురించారు. సముద్రపు నీటికి కొన్ని లవణాలు చేర్చి, డయాటమ్ అనే గాజుపెంకు నాచును గాజుకూజాల్లో పెంచి, దాన్ని సీ అర్చిన్ల పిల్లలకు తినిపించి పెద్దచేశారు. ఒక జీవిని పెంచాలంటే ముందు దాని మేతను పెంచాలి అన్న తర్కం అక్కడ స్థిరపడింది. 1940లో మ్యాన్ దీవిలోని పోర్ట్ ఎరిన్ కేంద్రంలో బ్రూస్, నైట్, మేరీ పార్క్ ఆయిస్టర్ గుల్లల పిల్లలకు ఏ నాచుకణాలు సరిపడతాయో వెతికారు. అప్పుడు చిక్కిన బంగారు రంగు కణానికి పార్క్ 1949లో ఐసోక్రైసిస్ గాల్బానా అని పేరుపెట్టింది. అమెరికాలో మిల్‌ఫోర్డ్ పరిశోధనశాలలో విక్టర్ లూసనాఫ్ బృందం ఇదే దారిలో ఎన్నో రకాల గుల్లల పిల్లలను తొట్లలో పెంచింది. 1960లలో రాబర్ట్ గిలార్డ్ రూపొందించిన పోషక ద్రావణం, సగానికి పలచన చేసిన రూపంలో, నేటికీ ప్రపంచమంతటా నాచు సీసాల్లో వాడుకలో ఉంది. దుకాణాల్లో పగడాలకని అమ్మే ఆకుపచ్చ సీసాల వెనుక ఉన్నది ఈ గుల్లల పరిశోధనే.

పగడం అసలు ఏం తింటుంది అన్న ప్రశ్నకు తొలి గట్టి జవాబు గ్రేట్ బారియర్ రీఫ్ నుంచి వచ్చింది. 1928 జూలై నుంచి ఏడాది పాటు ఆస్ట్రేలియా ఈశాన్య తీరంలోని లో ఐల్స్ అనే చిన్న దీవి మీద బ్రిటిష్ శాస్త్రవేత్తల బృందం ఒకటి మకాం వేసింది. నాయకుడు చార్లెస్ మారిస్ యాంగ్. అప్పటికి ఆయన వయసు ముప్పై లోపే. బృందంలో షీనా మార్షల్ నాచు ప్లాంక్టన్‌ను, ఎఫ్.ఎస్. రసెల్ జంతు ప్లాంక్టన్‌ను చూసేవారు. యాంగ్ తీసుకున్నది పగడాల తిండి. రకరకాల పగడాలకు రకరకాల ఆహారం అందించి, టెంటకిళ్లనే సన్నటి చేతులు ఎలా పట్టుకుంటాయో, ఒంటి మీది సన్నటి నూగు దాన్ని నోటివైపు ఎలా నడిపిస్తుందో, కడుపులో ఏది అరుగుతుందో గంటల తరబడి చూశాడు. పగడాలు జంతు ఆహారాన్ని ఆబగా తిన్నాయి, మొక్కల పదార్థాన్ని వదిలేశాయి. తర్వాత కొన్నిటిని వెలుతురు చొరబడని పెట్టెల్లో పెట్టి నెలల తరబడి ఉంచాడు. ఒంట్లోని నాచుకణాలు పోయి అవి పాలిపోయాయి. అయినా తిండి అందినంతకాలం బతికాయి. ఆకలితో మాడ్చిన పగడాలు నాచుకణాలను అరిగించుకోకుండా బయటికి తోసేశాయి. దీన్నిబట్టి యాంగ్ తేల్చింది ఒక్కటే: పగడం పచ్చి మాంసాహారి, ఒంట్లోని నాచు దాని వ్యర్థాలను తీసేసే పాకీపని చేస్తుందే తప్ప దానికి అన్నం పెట్టదు.

యాంగ్ కళ్లతో చూసింది సరైనదే. నాచు నుంచి పగడానికి చేరే చక్కెరలు కంటికి కనిపించవు, వాటిని పట్టే సాధనం అప్పటికి లేదు. రేడియోధార్మిక కార్బన్ చేతికొచ్చాక కథ తిరగబడింది. 1958లో లెనార్డ్ మస్కటైన్, క్యాడెట్ హ్యాండ్ సీ అనిమోన్ మీద ప్రయోగం చేసి, నాచు తయారుచేసిన పదార్థం ఆతిథ్యమిచ్చిన జంతువు కణాల్లోకి చేరుతుందని చూపారు. మరుసటి ఏడాది థామస్ గోరో జమైకాలో రేడియోధార్మిక కాల్షియంతో లెక్కకట్టి, వెలుతురులో పగడపు అస్థి ఎంతో వేగంగా పెరుగుతుందని నిరూపించాడు. అంతకుముందే, 1955లో, ఓడమ్ సోదరులు ఎనివెటాక్ పగడపు దిబ్బ మీదుగా పారే నీటిలో దొరికే జంతు ప్లాంక్టన్ ఆ దిబ్బ ఆకలికి ఏమాత్రం చాలదని లెక్క తేల్చారు. 1970లో జోహానెస్, ఆయన సహచరులు ప్లాంక్టన్ ద్వారా పగడాలకు అందే శక్తి చాలా స్వల్పమని రాశారు. ప్లాంక్టన్ శక్తికి చాలకపోయినా నత్రజని, భాస్వరం లాంటి వాటికి పనికొస్తుందన్న మాట ఆ చర్చలో ఉంది. కానీ జనం చెవికెక్కింది శక్తి లెక్క ఒక్కటే. పగడం వెలుతురు తిని బతుకుతుంది, మేత అక్కర్లేదు అన్న మాట అలా స్థిరపడింది.

తొట్టె పెంపకందారులకు ఈ మాట వరంలా దొరికింది. మేత వేయనక్కర్లేదంటే నీరు కుళ్లే బెడద కూడా లేదు. అంతవరకు వాళ్ల అనుభవం చేదుగా ఉండేది. 1950, 60లలో అమెరికా ఇళ్ల ఉప్పునీటి తొట్లలో ఉన్నవి చేపలూ, బ్లీచింగ్ చేసి తెల్లబరిచిన చచ్చిన పగడాల అలంకారాలూ. ఆ రోజుల్లోనే జకార్తాలో లీ చిన్ ఎంగ్ అనే ఆయన సముద్రపు నీరు, సముద్రంలోంచి జీవాలతో సహా తెచ్చిన రాళ్లు, ఎండ, సన్నగా వదిలే గాలి బుడగలు, ఈ నాలుగింటితోనే బతికున్న పగడాలను పెంచాడు. 1961లో ఒక అమెరికన్ పత్రికలో తన పద్ధతి వివరించాడు. ఫిల్టర్ లేకపోవడమే అందులో అసలు కిటుకు. రాళ్ల సందుల్లో బతికే సూక్ష్మజీవులు, వాటి పిల్లలు నీటిలోనే తిరుగుతూ పగడాలకు ఆహారమయ్యేవి. చల్లటి దేశాల్లో, సముద్రానికి దూరంగా ఉన్నవాళ్లకు అది సాధ్యమయ్యే పని కాదు. పాతికేళ్ల పాటు దాన్ని పట్టించుకున్నవాళ్లూ తక్కువే. న్యూ కలెడోనియాలోని నుమెయా అక్వేరియంలో రెనే కటాలా 1956 నుంచి పగడాలను చక్కగా బతికించాడు. అక్కడా రహస్యం పారే సముద్రపు నీరే.

ఒడ్డుకు దూరంగా గెలిచినవాళ్లు జర్మన్ మాట్లాడే దేశాలవారు. స్విట్జర్లండ్‌లో పీటర్ విల్కెన్స్, బెర్లిన్‌లో డీట్రిచ్ స్టూబర్ చుట్టూ చేరిన బృందం 1970, 80లలో ఒక పద్ధతిని నిలబెట్టారు. జీవమున్న రాళ్లు, బలమైన మెటల్ హాలైడ్ దీపాలు, సున్నపు తేట, వీటన్నిటికీ తోడు ప్రోటీన్ స్కిమ్మర్. గొట్టంలోకి సన్నటి గాలి బుడగలు వదిలితే నీటిలో కరిగిన జిడ్డు, మురికి నురగగా పైకి తేలుతుంది, ఆ నురగను తీసి పారేస్తారు. ఈ బెర్లిన్ పద్ధతిలో కొమ్మల పగడాలు పెరిగి, ముక్కలు విరిచి ఊరూరా పంచుకునేంతగా విస్తరించాయి. స్టూబర్ తొట్టెలోని అక్రోపోరా అనే ఒక కొమ్మల పగడం ముక్కలు సముద్రాలు దాటి అమెరికా దాకా వెళ్లాయి. 1986లో జార్జ్ స్మిట్ వ్యాసాలతో అమెరికాలోనూ ఇంటి పగడపు తొట్ల ఊపు మొదలైంది.

స్కిమ్మర్ నురగతో మురికితోపాటు ప్లాంక్టన్ కూడా పోతుంది. వెలుతురు చాలిన జాతులకు అది పట్టలేదు. మిగతావి మెల్లగా చచ్చిపోయాయి. ఎర్రటి ఒంటితో మెరిసే ఫ్లేమ్ స్కాలప్ గుల్ల కొన్ని నెలలు బాగానే కనిపించి, ఉన్నట్టుండి నోరు తెరిచేసేది. పూలకుండీ పగడమని పేరుపడ్డ గోనియోపోరా ఏడాది తిరగకముందే కుంచించుకుపోయేది. గులాబీ, నారింజ రంగుల్లో మేఘంలా విచ్చుకునే డెండ్రోనెఫ్తియా అనే మెత్తటి పగడం దుకాణం నుంచి ఇంటికొచ్చిన కొన్ని వారాలకే కరిగిపోయేది. వ్యాపారులు మాత్రం వీటిని అమ్ముతూనే ఉన్నారు. ఇవన్నీ ఆకలి చావులేనా అంటే గోనియోపోరా విషయంలో వాదాలున్నాయి. స్కాలప్ సంగతిలో మాత్రం అనుమానం లేదు.

ఈలోగా వాటికి పెట్టదగిన మేత వేరే చోట్ల సిద్ధమవుతూ వచ్చింది. అందులో మొదటిది ఆర్టీమియా, ఉప్పుకయ్యల్లో పెరిగే చిన్న రొయ్యలాంటి జీవి. ఇంగ్లండ్‌లోని లిమింగ్టన్ ఉప్పు మడుల్లో 18వ శతాబ్దంలోనే దాన్ని చూసి వర్ణించారు. దాని గుడ్లు ఎండిపోయి ఏళ్ల తరబడి దుమ్ములా పడి ఉండి, ఉప్పునీటిలో వేయగానే ఒక రోజులో పొదుగుతాయి. మేతగా ఇంతకన్నా సుకరమైన జీవి దొరకదు: డబ్బాలో దాచుకోవచ్చు, కావలసినప్పుడు ప్రాణం పోసుకోవచ్చు. 1933లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని స్టైన్‌హార్ట్ అక్వేరియం నిర్వాహకుడు ఆల్విన్ సీల్, 1939లో నార్వేలో గున్నార్ రోలెఫ్సెన్ ఆర్టీమియా పిల్లలు చేపపిల్లలకు మంచి మేత అని ప్రకటించారు. 1950ల మొదటినుంచి శాన్‌ఫ్రాన్సిస్కో ఉప్పు మడుల గుడ్లు, యూటా రాష్ట్రంలోని గ్రేట్ సాల్ట్ లేక్ ఆర్టీమియా అంగట్లోకి వచ్చాయి. 1960ల అమెరికన్ పిల్లల పత్రికల్లో సీ మంకీస్ పేరుతో కిరీటాలు పెట్టుకున్న చిన్న రాజకుటుంబం బొమ్మ వేసి అమ్మింది కూడా ఇదే గుడ్ల పొడిని. అది కొని కిరీటాల కోసం వెతికిన పిల్లల నిరాశ ఊహించుకోవచ్చు.

రెండోది జపాన్ నుంచి వచ్చింది. అక్కడి ఈల్ చేపల చెరువుల్లో బ్రాకియోనస్ అనే రోటిఫర్, ఓ సూక్ష్మజంతువు, అదుపు తప్పి పెరిగి, నీటిలోని నాచునంతా తినేసి చెరువును చెడగొట్టేది. రైతుల దృష్టిలో అది చీడ. తకాషి ఇటో 1960లో దాన్ని సముద్రపు నీటిలో పెంచే పద్ధతిని వివరించి, ఆ చీడనే మేతగా మార్చాడు. ఆర్టీమియా పిల్ల అర మిల్లీమీటరుకు దగ్గరగా ఉంటుంది. రోటిఫర్ అందులో సగమూ ఉండదు, నెమ్మదిగా ఈదుతుంది, రోజుల్లో రెట్టింపవుతుంది. చిన్న నోళ్లకు సరిగ్గా సరిపోయింది. రెడ్ సీ బ్రీమ్ చేపపిల్లల పెంపకం దాని మీదే లేచింది. అంతకు చాలా ముందే, 1930లలో, మోతోసాకు ఫుజినాగా కురుమా రొయ్య చేత తొట్టెలో గుడ్లు పెట్టించి, దాని పిల్లలకు స్కెలెటోనెమా అనే డయాటమ్ తినిపించే మార్గం కనిపెట్టాడు. నాచు, రోటిఫర్, ఆర్టీమియా అనే వరస జపాన్ హేచరీల్లో అలా కుదిరింది.

చిక్కులు లేకపోలేదు. 1970లలో ఆర్టీమియా గుడ్లకు కరువొచ్చి ధరలు విపరీతంగా పెరిగాయి. 1976లో క్యోటోలో జరిగిన ఆక్వాకల్చర్ సదస్సులో ఆ సంగతి చర్చకొచ్చింది. తర్వాత రెండేళ్లకు బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయంలో పాట్రిక్ సోర్గెలూస్ ఆధ్వర్యంలో ఆర్టీమియా పరిశోధన కేంద్రం ఏర్పడింది. ఆ పరిశోధనల్లో ఇంకో నిజం బయటపడింది. ఆర్టీమియాలో మాంసకృత్తులకు కొదవలేదు గానీ, సముద్రజీవుల పిల్లలకు తప్పనిసరి అయిన డీహెచ్ఏ అనే కొవ్వు ఆమ్లం దాదాపు ఉండదు. కడుపు నిండినా పిల్లలు చచ్చేది అందుకే. జపాన్, బెల్జియం శాస్త్రవేత్తలు దానికి విరుగుడు కనిపెట్టారు: పొదిగిన ఆర్టీమియాకు కొన్ని గంటలు చేపనూనె కలిపిన పాలలాంటి ద్రవాన్ని తాగించి, ఆ నిండు కడుపుతోనే దాన్ని మేతగా వేయడం.

తెలుగు తీరానికి ఈ విద్య రొయ్యల ద్వారా వచ్చింది. మొదట్లో టైగర్ రొయ్య పిల్లలను గోదావరి, కృష్ణా నదీముఖాల్లో వలలతో పట్టి చెరువుల్లో వేసేవారు. 1980ల చివర సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ విశాఖపట్నంలో టాస్‌పార్క్ హేచరీని నెలకొల్పింది. ఆ తర్వాత భీమిలి, కాకినాడ, చీరాల, నెల్లూరు తీరాల వెంట ప్రైవేటు హేచరీలు బారులు తీరాయి. అక్కడి పనివాళ్లకు జీవుల మేత వరస కంఠతా వచ్చు. గుడ్డులోంచి వచ్చిన నాప్లీకి తిండి అక్కర్లేదు, ఒంట్లోని సొన చాలు. జోయా దశకు రాగానే కీటోసెరాస్, థలాసియోసైరా లాంటి ఆల్గే కావాలి. మైసిస్ దశ నుంచి ఆర్టీమియా. పోస్ట్ లార్వా అయ్యాక తయారీ మేతతోపాటు ఇంకొన్నాళ్లు ఆర్టీమియా. ఆల్గే గదిలో సీసా నుంచి కూజాకు, కూజా నుంచి పెద్ద ట్యాంకుకు విత్తనం మార్చుకుంటూ పోయే టెక్నీషియన్ చేసేది అలెన్, నెల్సన్ 1910లో చేసిన పనే. 2009లో వనామీ రొయ్య వచ్చి తల్లి రొయ్యలు విదేశాల నుంచి దిగుమతి కావడం మొదలైనా పిల్లల మేత మారలేదు. తూత్తుకుడి ఉప్పు మడుల్లో ఆర్టీమియా ఉన్నా, హేచరీలు ఎక్కువగా ఆధారపడింది విదేశీ డబ్బాల మీదే. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ విశాఖ కేంద్రం నారింజ చుక్కల గ్రూపర్ వంటి చేపల పిల్లల కోసం కోపెపాడ్లనే చిన్న ప్లాంక్టన్ జీవుల పెంపకంలోకీ దిగింది. ఆ చేపపిల్లల నోరు రోటిఫర్‌కు కూడా ఇరుకే.

ఇంత జీవమేత పరిజ్ఞానం ఉన్నా మన దేశపు ఇళ్లలో అది పగడాల దాకా పెద్దగా రాలేదు. రాతి పగడాలు, సీ ఫ్యాన్లు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని మొదటి షెడ్యూలులో ఉన్నాయి. పులిని కాపాడే షెడ్యూలే అది. సముద్రంలోంచి తీయడం, అమ్మడం నేరం.

హేచరీ విద్యను అలంకార తొట్లవైపు తిప్పింది క్లౌన్ చేప. 1970లలో ఫ్లోరిడాలో మార్టిన్ మో దాన్ని వ్యాపార స్థాయిలో పిల్లలు పెట్టించాడు, వాటికి రోటిఫర్లు మేపి పెంచాడు. 1980ల చివర ఫ్రాంక్ హాఫ్, టెర్రీ స్నెల్ రాసిన ప్లాంక్టన్ పెంపకం చేతిపుస్తకం వచ్చాక, మామూలు ఇళ్లలో సోడా సీసాల్లో నాచు, బకెట్లలో రోటిఫర్లు పెరగడం మొదలైంది. చేపపిల్లలకు వేయగా మిగిలింది పగడాల తొట్టెలో పోస్తే ఏమవుతుందో చూసినవాళ్లకు జవాబు వెంటనే దొరికింది: ముడుచుకుని కూర్చున్న పగడపు పాలిప్‌లు చేతులు చాపాయి.

శాస్త్రం కూడా అప్పటికి మళ్లీ ఆకలివైపు తిరుగుతోంది. 1977లో ఆలిస్ ఆల్‌డ్రెడ్జ్, జె.ఎం. కింగ్ గ్రేట్ బారియర్ రీఫ్‌లోని లిజర్డ్ దీవి దగ్గర చూసింది ఇందులో కీలకం. పగటిపూట ఇసుకలో, రాళ్లలో దాక్కున్న ప్లాంక్టన్ రాత్రిళ్లు గుంపులుగా పైకి లేస్తుంది. పగలు వలవేసి లెక్కకట్టిన పాత లెక్కల్లో ఆ దండు లేదు. చాలా పగడాలు టెంటకిళ్లు చాపేది రాత్రే. 1995లో కాథరీనా ఫాబ్రిషియస్ ఎర్ర సముద్రంలో పరిశీలించి, డెండ్రోనెఫ్తియా పగడం ప్రధానంగా నాచు ప్లాంక్టన్ తిని బతుకుతుందని చూపింది. పగడాలన్నీ మాంసాహారులే అన్న యాంగ్ సూత్రానికి అది మినహాయింపు. తొట్టెలో అన్నాళ్లుగా దానికి ఆర్టీమియా వేసి, తినలేదని విసుక్కున్నవాళ్లకు అది కనువిప్పు. 2006లో ఆండ్రియా గ్రొటోలీ బృందం హవాయిలో ఇంకో సంగతి కనుగొంది. వేడికి నాచుకణాలు పోయి తెల్లబడిన ఒక జాతి పగడం, వేటను ఎన్నో రెట్లు పెంచి తన శక్తి అవసరం మొత్తాన్ని తిండితోనే తీర్చుకుంది. మొనాకో శాస్త్రవేత్తలు 2009లో అప్పటిదాకా వచ్చిన పరిశోధనలను సమీక్షించి, ఆరోగ్యంగా ఉన్న పగడం రోజువారీ అవసరంలో 15 నుంచి 35 శాతం దాకా తిండి ద్వారానే పొందుతుందని రాశారు. మేత అందిన పగడాలు అస్థిని కూడా వేగంగా కట్టుకుంటాయి. యాంగ్ మాటా నిజమే, గోరో మాటా నిజమే. రెండూ కలిపి చూసేవాళ్లు రావడానికి దశాబ్దాలు పట్టింది.

1990ల చివరినుంచి ఇంటి తొట్ల పద్ధతులు ఆ మేరకు మారాయి. రోనాల్డ్ షిమెక్, ఎరిక్ బోర్న్‌మన్ వంటివారు పగడాలు ఆకలితో ఉన్నాయని పదేపదే రాశారు. పెద్ద తొట్టెకు పక్కనే రెఫ్యూజియం అనే చిన్న తొట్టె పెట్టి, అందులో నాచుగడ్డి మధ్య కోపెపాడ్లను పెరగనిచ్చి, వాటి పిల్లలు నీటితోపాటు పగడాలవైపు జారేలా చేయడం మామూలైంది. సీసాల్లో నింపిన బతికున్న నాచు, గడ్డకట్టించిన రోటిఫర్లు దుకాణాల్లోకి వచ్చాయి. ఆ నాచుల్లో నానోక్లోరాప్సిస్ కణం రెండు నుంచి నాలుగు మైక్రాన్లు, ఐసోక్రైసిస్ కాస్త పెద్దది, టెట్రాసెల్మిస్ ఇంకా పెద్దది. స్పాంజీకి ముఖ్యంగా కావలసింది ఇంకా చిన్నదైన బ్యాక్టీరియా. జర్మన్ తొట్ల వాళ్లు దానికీ ఉపాయం కనిపెట్టారు. తొట్టెలో రోజూ కొన్ని చుక్కల వోడ్కా వేస్తే, ఆ కార్బన్ తిని బ్యాక్టీరియా పెరుగుతుంది. పెరుగుతూ నీటిలోని నైట్రేట్, ఫాస్ఫేట్‌ను లాగేసుకుంటుంది. కొంత స్పాంజీల, పగడాల నోట్లోకి, మిగతాది స్కిమ్మర్ నురగలోకి పోతుంది. మద్యం పోసి నీటిని శుభ్రం చేయడం వినడానికి ఎగతాళిలా ఉంటుంది గానీ, ఒకే చర్యతో మేతా శుభ్రతా రెండూ సమకూరిన పద్ధతి ఈ చరిత్రలో అరుదు.

ఇప్పటి మామూలు వాడుక ఇది. దీపాలు ఆరాక స్కిమ్మర్ కాసేపు ఆపి, నీటి ప్రవాహం తగ్గించి, పాలిప్‌లు విచ్చుకున్నాక మేత వదులుతారు. ట్యూబాస్ట్రియా అనే నారింజ రంగు పగడానికి పాలిప్ పాలిప్‌కూ విడివిడిగా గొట్టంతో పెడతారు. దాని ఒంట్లో నాచులేదు, ఒక పాలిప్ తింటే పక్కదాని ఆకలి పూర్తిగా తీరదు. నెదర్లాండ్స్‌లో టిమ్ వైగెర్డె బృందం 2011లో గెలాక్సియా పగడాన్ని వీడియో తీసి, అది పట్టిన ఆర్టీమియాలో చాలా భాగాన్ని మింగకుండా ఒంటి బయటే జిగురులో అరిగించుకుంటుందని గుర్తించింది. మింగినవాటినే లెక్కపెట్టిన పాత అంచనాలు తక్కువగా వచ్చింది అందుకే. లండన్‌లోని హార్నిమన్ మ్యూజియంలో జేమీ క్రాగ్స్ బృందం వెన్నెల, సూర్యోదయం, ఉష్ణోగ్రత మార్పులను కంప్యూటర్‌తో అనుకరించి, దిట్టంగా మేపి, పగడాల చేత తొట్టెలోనే ఏటా గుడ్లు పెట్టించింది. ఆ ఫలితాలు 2017లో వెలువడ్డాయి. అన్నా థిన్ పగడాలు బతికిన ఊరు కూడా లండనే.

డెండ్రోనెఫ్తియా మాత్రం ఇంకా లొంగలేదు. దానికి ఏ కణం కావాలో తెలుసు, ఎంత పరిమాణంలోదో తెలుసు, పంపులు పెట్టి రోజంతా చుక్కచుక్కగా వదలడమూ తెలుసు. కానీ పగడపు దిబ్బ మీద అది తినేది పలచటి నీటిలోంచి, ఆగని ప్రవాహంలోంచి. ఆ పలుచదనంలోనే దాని కడుపు నింపాలంటే రోజూ తొట్టె మీదుగా పారాల్సిన నీరు ఇంటి తొట్టె కొలతలకు అందదు. చిక్కగా వేస్తే నీరు పాడవుతుంది. కొద్దిమంది నెలల తరబడి, ఇంకా కొద్దిమంది ఏళ్ల తరబడి దాన్ని నిలిపారు. వాళ్ల తొట్లలో మేత కోసం పెట్టిన నాచు ట్యాంకులు, నీరు మార్చే ఏర్పాట్లు ఆ పగడం కన్నా ఎన్నో రెట్లు పెద్దవి.